గోడకు అయిదంగుళాల దూరం

నాకు ముక్కు మీద కోపం. అది దాచుకునే సంగతేం కాదు, నా దగ్గర పనిచేసినవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు. టైలు వెంట్రుకవాసి పక్కకి జరిగినా తాపీతో ఊడబీకి అవతల పారేస్తాను. పాతికేళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్నాను. నేను కట్టిన గోడ వంకర అన్న మనిషి ఇంతవరకూ లేడు. అలాంటివాణ్ణి, ఆ సోమవారం సాయంత్రం స్విమ్మింగ్ పూల్ గట్టు మీద నిలబడి నలుగురిలో కోచ్ మేడం మీద నోరు పారేసుకున్నాను.

మా అమ్మాయిని ఇంట్లో గిలక అంటాం. పసిపిల్లప్పుడు నిద్రలో కూడా కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఏదో ఒక చప్పుడు చేసేది, ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు పదహారేళ్ళు. ఈదేది బ్రెస్ట్‌స్ట్రోక్, మనం కప్ప ఈత అంటామే, అది. అందులోనూ రెండు వందల మీటర్లు. పూల్ పొడవు పాతిక మీటర్లు కాబట్టి ఎనిమిది ల్యాపులు. గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళకి ఆ పిల్ల ఏదో హాయిగా తేలుతూ పోతున్నట్టుంటుంది. ఇంటికొచ్చాక మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు చూడాలి ఆ హాయి.

నాకు ఈత రాదు. అయినా రెండేళ్ళుగా అన్నం దగ్గర ఆ గోలే విని విని లెక్కంతా నోటికొచ్చేసింది. మొదటి రెండు ల్యాపులు ఎనిమిదేసి బారలు, అంటే చేతులతో ఎనిమిదేసి సార్లు నీళ్ళు లాగడం. మధ్యలో నాలుగూ తొమ్మిదేసి. ఆఖరి రెండూ పదేసి. ఆవేశపడి ముందే లాగేస్తే ఏడో ల్యాపుకి తొడలు రాళ్ళయిపోతాయట. కాళ్ళతో తన్ని, చేతులు ముందుకి చాచి, కాస్త జారనివ్వాలి. ఆ జారే కాసేపట్లోనే ఒంట్లో ఊపిరి మిగుల్చుకోవాలి. ఎంత బలం ఉందన్నది కాదు, ఉన్నదాన్ని ఎనిమిది ల్యాపులకీ ఎలా పంచావన్నదే ముఖ్యం అంటుంది మేడం. ఆవిడ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి పిల్లలు చాటుగా విజిలమ్మ అంటారు.

రాష్ట్ర జట్టులో ఆ ఈతకి ఉన్నది ఒక్కటే చోటు. రెండు నిమిషాల యాభై రెండు సెకన్ల లోపు ఈదితేనే పేరు పంపుతారు. జట్టులో చేరితే శిక్షణ కేంద్రంలోనే ఉండటం, చదువు, తిండి అన్నీ వాళ్ళవే. గిలకకి వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాది ఎంత వేగంగా ఈదినా ఎవరూ చూడరు.

సోమవారం సెలక్షన్. గిలక ఎనిమిదో గోడ ముట్టుకుంది. మేడం స్టాప్‌వాచ్ చూసి అట్ట మీది కాగితంలో రాసుకుంది.

"రెండు యాభై రెండు, ఆరు," అంది.

సెకనులో పదింట ఆరు వంతులు ఎక్కువ. తుమ్మేలోపల అయిపోయే కాలం.

"ఇంకోసారి సరిగ్గా చూడండి మేడం."

"చూశాను మేస్త్రీ గారూ. పక్క క్లబ్బు అమ్మాయి వాళ్ళ పూల్లో రెండు యాభై ఒకటి, ఎనిమిది చేసింది. శనివారం పేర్లు పంపాలి. ఆ అమ్మాయి పేరే వెళ్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరా అమ్మాయి? మీకు చుట్టమా?"

"మాట జాగ్రత్త."

"జాగ్రత్తేంటి జాగ్రత్త! తెల్లారకముందే నీళ్ళలోకి దింపుతారు. మందకొడి అంటారు, బద్ధకం అంటారు, పదిమందిలో నిలబెట్టి తిడతారు. ఏడాదిన్నర నుంచి తిట్టి తిట్టి చివరికి మీరు సాధించింది ఇదా?"

"మీ అమ్మాయిని ఒక్కదాన్నే తిట్టానా?" ఆవిడకీ కోపం వచ్చింది. "మరమ్మతని మూడు నెలలు పూల్ మూసేశారు చూడండి, అప్పట్నుంచి అందరి టైములూ పడిపోయాయి. ఒళ్ళు పెంచుకుని వచ్చారు, ఈ రోజుకీ దారికి రాలేదు. అరవకపోతే ముద్దులు పెట్టుకోమంటారా?"

"ఆ మరమ్మతు చేసిన చేతులివి!" అని రెండు చేతులూ ఆవిడ ముఖం ముందు పెట్టాను. "నీళ్ళు కారిపోతున్న గోడని అద్దంలా చేసిచ్చాను. మీరు ఒక్క పిల్లని దిద్దలేకపోయారు!"

గట్టు మీద తల్లిదండ్రులంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గిలక తువ్వాలు తలమీదుగా కప్పుకుని ముఖం దాచుకుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "సిమెంటు సంచీకి కూడా మూతి కుడతారు, నీ నోటికే కుట్టు లేదు," అంది. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. కంచం పక్కకి నెట్టాను.

"నాన్నా, మేడంని ఏమీ అనకు," అంది గిలక. "నేను ఆవిడ చెప్పిన లెక్కే ఈదాను. ఎనిమిది బారలు వేసి జారితే గోడ అందట్లేదు. తొమ్మిదోది వేద్దామంటే చోటు చాలదు. చేతులు చాచుకుని అలా జారుతూనే ఉండాలి. వేగమంతా అక్కడే చచ్చిపోతోంది. ప్రతి గోడ దగ్గరా ఇదే."

"మరి ఆవిడతో చెప్పి చావలేదా?"

"చెప్పాను. కాళ్ళలో పస లేక తప్పు గోడ మీదకి తోస్తున్నావు అంది."

"ఆవిడన్నదే నిజం. గోడ ఎక్కడికి పోతుందే? నేను కట్టిన గోడ!" అన్నాను. అవును, ఆ మాటలే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం పని మధ్యలో వదిలేసి మేనేజరుకి ఫిర్యాదు ఇద్దామని పూల్‌కి వెళ్ళాను. ఆయన లేడు, గంటలో వస్తాడన్నారు. లోతు వైపు, నేను కట్టిన గోడకి ఎగువన బెంచీ ఉంటే దాని మీద కూర్చున్నాను. పిల్లలు ఈదుతున్నారు. గిలక కూడా ఉంది. చోటు పోయినా రోజూ చేసే సాధన మానలేదు ఆ పిచ్చిది.

పని లేకపోతే నా కళ్ళు ఊరుకోవు, ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటాయి. గిలక చేతులు చాచి జారుతూ వచ్చింది. గోడకి బెత్తెడు దూరంలో వేళ్ళు ఆగినట్టయి, ఆ తర్వాత మెల్లగా ఆనాయి. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అంతే, అక్కడే. పక్క వరసలో పదేళ్ళ పిల్ల వచ్చింది. అదీ అక్కడే తడుముకుంది. దాని వెనక ఇంకొకడు, వాడూ అంతే. మెట్లెక్కుతూ ఒకడు తట్టుకుంటే వాడి చూపు సరిగ్గా లేదనుకుంటాం. అందరూ ఒకే మెట్టు దగ్గర తట్టుకుంటే ఆ మెట్టు ఎత్తే తేడా. ఇది నేను రోజూ పనివాళ్ళకి చెప్పే మాట.

బెంచీ మీంచి లేచి గోడ అంచు దాకా వెళ్ళాను.

ఏడాదిన్నర కిందట ఈ గోడ నీళ్ళు కారుతోందని పని నాకిచ్చారు. కాంక్రీటు గోడకి లోపలివైపు ఎప్పుడో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టి, దాని మీద పూత పూసి టైళ్ళు వేశారు. ఇటుక అంతా నానిపోయి గుల్లయి ఉంది. తట్టి చూస్తే బోలుగా మోగింది. మొత్తం కొట్టించేశాను. మళ్ళీ ఇటుక కడితే మళ్ళీ నానుతుందని, నీరు పట్టని సిమెంటు మాల్ కాంక్రీటు మీదే పూయించి టైళ్ళు అతికించాను. పోయింది ఆరంగుళాలు, తిరిగి పెట్టింది అంగుళం. తూకం గుండు వేలాడదీసి నిలువు చూశాను. రసమట్టం పెట్టి అడ్డం చూశాను. టైలుకీ టైలుకీ మధ్య సందు రూపాయి బిళ్ళ నిలబెట్టి చూశాను. పూల్ పొడవు మాత్రం చూడలేదు. అది అచ్చంగా పాతిక మీటర్లు ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాకది నీళ్ళ తొట్టి, అంతే. పైగా ఆ రోజు పనివాళ్ళతో, "చూశారా, పూల్‌ని పెద్దది చేసిచ్చాను!" అని నవ్వాను కూడా.

పిల్లలు వెళ్ళిపోయాక వాచ్‌మన్‌ని బతిమాలి టేపు ఒక కొస ఆయన చేతికిచ్చాను. పాతిక మీటర్లు, ఆ పైన అయిదంగుళాలు. ఇంకో చోట పట్టించాను. అంతే. మూడో చోట పట్టమంటే వాచ్‌మన్, "ఎన్నిసార్లు కొలిచినా అది తగ్గదు మేస్త్రీ," అన్నాడు.

అప్పట్లో పని చూసి సంతకం పెట్టిన ఇంజనీరుకి ఫోన్ చేశాను. అంతా విని, "నీళ్ళు కారుతున్నాయా? లేదు కదా! మరి నీకెందుకయ్యా ఈ తద్దినం?" అన్నాడు.

"మా అమ్మాయి సెలక్షన్ పోయిందండీ."

"ఇప్పుడు నువ్వు బయటపెడితే ముందు పోయేది నీ పేరు. నీ చేత ఇంకెవడైనా గోడ కట్టిస్తాడా? ఎవరూ అడగలేదు, నువ్వూ చెప్పకు. హాయిగా పడుకో."

నోటికొచ్చిన తిట్టల్లా తిట్టి ఫోన్ పెట్టేశాను. కానీ నిజం చెప్పాలి కదా, ఆ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. ఎవరూ అడగలేదు. నిన్న సాయంత్రం అంతమంది ముందు అరిచానే, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. పక్క గదిలో గిలక నిద్రలో మూలుగుతోంది, భుజాలు పట్టేసి. తెల్లవారేసరికి చొక్కా తగిలించుకున్నాను.

పూల్ దగ్గర మొన్న చూసిన తల్లిదండ్రులే ఉన్నారు. మంచిదే అనుకున్నాను. తిట్టింది వాళ్ళ ముందే కాబట్టి చెప్పాల్సింది కూడా వాళ్ళ ముందే.

"మేడం, పూల్ పొడవు తప్పు. అయిదంగుళాలు ఎక్కువుంది. తప్పు నాది. మీదీ కాదు, పిల్లలదీ కాదు."

ఆవిడ నమ్మలేదు. టేపు తనే పట్టుకుని కొలిచింది. కొలిచి, అక్కడే గట్టు మీద కూలబడింది. కాసేపటికి తలెత్తింది. అంతటి కోపం నేనెప్పుడూ ఎవరి ముఖంలోనూ చూడలేదు, అద్దంలో కూడా.

"ఏడాదిన్నర, మేస్త్రీ గారూ! నలభై మంది పిల్లల్ని తిట్టాను. ముగ్గురు మానేశారు. అందులో ఒకమ్మాయి, 'నేను పనికిరాను మేడం' అని ఏడ్చుకుంటూ వెళ్ళింది. అవునంటూ ఊరుకున్నాను. ఇప్పుడు వాళ్ళింటికి వెళ్ళి ఏం చెప్పాలి? మీ గోడ తిన్నగా ఉందని చెప్పనా?"

ఆవిడ ఆ అట్ట తీసి నా నెత్తిన వేసినా బాగుండేది.

ఆ తర్వాత ఆవిడే కాగితం మీద లెక్క వేసింది. అయిదంగుళాలు ఎనిమిది సార్లు, నలభై అంగుళాలు. అంత దూరం ఈదడానికి గిలకకి సెకనులో పదింట తొమ్మిది వంతులు పడుతుంది. అవి తీసేస్తే రెండు యాభై ఒకటి, ఏడు. పక్క క్లబ్బు అమ్మాయి కంటే ఒక వంతు తక్కువ. అంటే సోమవారం నా కూతురే గెలిచింది, నా గోడ దాన్ని ఓడించింది.

మేడం ఫోన్ మీద ఫోన్ చేసింది. ఈత సంఘం వాళ్ళు ఆ లెక్క మేం ఒప్పుకోం అన్నారు. కొలత తప్పిన పూల్లో చేసిన టైము అసలు టైమే కాదట. కావాలంటే శుక్రవారం పక్క క్లబ్బు పూల్లో మళ్ళీ ఈదండి, రెండు యాభై ఒకటి ఎనిమిదిని దాటితే చోటిస్తాం అన్నారు.

గిలకకి చెబితే ఏడుస్తుందనుకున్నాను. అది ఎగిరి గంతేసింది. "అయితే నేను మందకొడి కాదన్నమాట! అమ్మా, విన్నావా, నేను మందకొడి కాదు!" అని వాళ్ళమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నా వైపు చూసి, "పోనీలే నాన్నా, శుక్రవారం చూసుకుందాం," అంది. బతికిపోయాననుకున్నాను.

గురువారం పక్క క్లబ్బు వాళ్ళు ఒక్క గంట పూల్ ఇచ్చారు. మొదటి ల్యాపులోనే గిలక వేళ్ళు గోడకి టపీమని కొట్టుకున్నాయి. చెయ్యి విదిలించుకుంటూ పైకి లేచింది. ఏడాదిన్నరగా దూరపు గోడకి అలవాటైన ఒళ్ళు కదా. మేడం నీళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"బారల లెక్క అదే అమ్మా. ఆఖరి బార కొంచెం పొట్టిగా వెయ్యి. గోడ చూసుకో. కప్ప ఈతలో రెండు చేతులూ ఒక్కసారే గోడకి తగలాలి, తెలుసుగా? ఒకటి ముందు, ఒకటి వెనక తగిలిందా, ఎంత వేగంగా ఈదినా ఆ టైము కొట్టేస్తారు."

గంటలో ముప్పై సార్లు గోడ దగ్గరకి వచ్చి వెళ్ళింది. చివరికొచ్చేసరికి బాగానే కుదిరింది. పూల్ బయట మేడం నాతో, "బుర్రకి ఎక్కింది. ఒంటికి ఎక్కడానికి నాకు నెల కావాలి, ఉన్నది ఒక్క రోజు," అంది.

శుక్రవారం మా ఆవిడ కూడా కుట్టుమిషను కట్టేసి వచ్చింది. ఈదడానికి గిలక ఒక్కతే. మొదటి రెండు ల్యాపులు ఎనిమిదేసి బారలు, లెక్క పెట్టాను. తొందరపడలేదు. గోడలు రెండూ చక్కగా అందాయి. మధ్య నాలుగూ తొమ్మిదేసి. జారుతుంటే నీళ్ళు కూడా కదలనట్టుంది. ఆరో గోడ దగ్గర మేడం స్టాప్‌వాచ్ చూసి పెదవి కొరికింది. అది బాధతో కాదు, నాకు తెలిసిపోయింది. పిల్ల చాలా ముందుంది. ఏడో ల్యాపులో తల కాస్త ఎక్కువ పైకి లేస్తోంది, తొడలు పట్టేస్తున్నట్టున్నాయి. అయినా లాగుతోంది. పది బారలు. గోడ తాకి తిరిగింది. ఆఖరి ల్యాపు మా ఆవిడ కళ్ళు మూసుకుంది, నేను గొంతు చించుకున్నాను.

బోర్డు మీద రెండు యాభై, తొమ్మిది.

"సాధించావే నా తల్లీ!" అని అరిచాను. పక్కనున్నాయన ఎవరో తెలియకుండానే కౌగిలించుకున్నాను. గిలక నీళ్ళలోంచే రెండు చేతులూ ఎత్తింది. మా ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది.

మేడం మాత్రం కదల్లేదు. ఆవిడ చూస్తున్న వైపు చూశాను. అవతలి గోడ దగ్గర కూర్చున్న జడ్జీ లేచి నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి పైకెత్తి ఉంది. ఎప్పుడెత్తాడో నేను చూడనేలేదు.

ఏడో గోడ. అలసిపోయేసరికి ఒళ్ళు పాత లెక్కకే వెళ్ళిపోయింది. ఇంకా చోటుందనుకుని పూర్తి బార వేసింది. చేతులు పూర్తిగా చాచకముందే కుడి చెయ్యి గోడకి కొట్టుకుంది. ఎడమ చెయ్యి ఇంకా ఛాతీ కిందే ఉంది. రెప్పపాటు తేడా, అయినా టైము చెల్లదు అన్నాడు జడ్జీ. ఆయన మంచివాడే, చెప్పడానికి ఆయనకీ నోరు రాలేదు.

గిలక గట్టెక్కి వచ్చింది. మేడం దాని తడి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. పిల్ల మేడంని ఏమీ అనలేదు, జడ్జీనీ అనలేదు. తిన్నగా నా దగ్గరకి వచ్చింది. కుడి చేతి వేళ్ళు వాచి ఉన్నాయి.

"ఒక్కసారి కొలవలేకపోయావా నాన్నా?"

"అమ్మా..."

"టైళ్ళ సందులు కొలిచావు. నిలువు కొలిచావు. ఆ పూల్ పొడవెంతో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చూడలేకపోయావా? రోజూ నన్ను అక్కడికి దింపేవాడివే! నేను ఎన్నిసార్లు చెప్పాను గోడ అందట్లేదని! మేడం వినలేదు, నువ్వూ వినలేదు! నాకు ఇంకో ఏడాది లేదు నాన్నా!"

పూల్ అంతా ప్రతిధ్వనించింది. అందరూ మా వైపు తిరిగారు. చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి. పొడవు చూడమని నాకెవరూ చెప్పలేదు. నక్షా ఇంజనీరు దగ్గరుంది. సంతకం పెట్టింది ఆయన. అన్నీ నాలుక మీదకొచ్చాయి. పాతికేళ్ళలో ఎవరు ఏమన్నా ఒకటికి రెండు అప్పజెప్పినవాణ్ణి.

"కొలవలేదమ్మా," అన్నాను.

నేను ఇంకా ఏదైనా అంటానేమోనని అది కాసేపు నిలబడింది. తువ్వాలు భుజాన వేసుకుని, "నేను అమ్మతో బస్సులో వెళ్తాను," అంది. వాళ్ళిద్దరూ తలుపు దాటి వెళ్ళేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.